ముందు నీటి దారి వెతకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు కొని, బాగుచేసుకుని, అందులోనే ఉందామనుకుంటున్న పాత పడవ ఫొటోలన్నీ చూశాను, కొన్నిటిని రెండు మూడు సార్లు చూశాను. 26 అడుగుల తెరచాప పడవ, ఫైబర్‌గ్లాస్‌తో చేసింది, మీ ఇద్దరి వయసులు కలిపినా దాని వయసుకి తక్కువే. రంగు వెలిసిపోయినా ముక్కు దగ్గర వంపు ఎంత బాగుందో. అది మీకెందుకు నచ్చిందో నాకు అర్థమైంది. పరుపులు, చిన్న పొయ్యి, పుస్తకాల అర, కిటికీలోంచి పడుతున్న ఎండ, అన్నీ తీశారు. కానీ 17 ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా బిల్జ్ లేదు. లోపల నేల పలకలు ఎత్తితే పడవ అట్టడుగున కనిపించే గుంటని బిల్జ్ అంటారు. పడవలో ఎక్కడ ఏది కారినా చివరికి చేరేది అక్కడికే. నేనైతే ఏ పాత పడవ ఎక్కినా ముందు ఆ పలక ఎత్తి చూస్తాను.

పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. పడవలోకి నీళ్ళు ఎన్ని దారుల్లో వస్తున్నాయో తెలిసేదాకా లోపల ఒక్క పరుపు కొనకండి, ఒక్క అర బిగించకండి, రంగు డబ్బా మూత తియ్యకండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

నా పడవ కొన్న కొత్తలో వాన పడ్డ ప్రతిసారీ ఎడమ పక్క పడక, సరిగ్గా భుజం ఆనే చోట తడిసేది. దాని పైనే కిటికీ ఉంది కాబట్టి కిటికీయే కారుతోందని అనుకున్నాను. ఊడదీసి, శుభ్రం చేసి, సందుల్లోంచి నీళ్ళు రాకుండా పూసే సీలెంట్ కొత్తది పెట్టి మళ్ళీ బిగించాను. వాన వచ్చింది, పడక తడిసింది. ఇంకోసారి ఊడదీశాను. మళ్ళీ అంతే. రెండు నెలలు ఇలా గడిచాక లోపలి కప్పుకి అతికించిన రెక్సిన్ మొత్తం పీకేసి, డెక్, అంటే మనం పైన నడిచే పడవ కప్పు, దాని అడుగు భాగమంతా చాక్‌పీస్ పొడి రుద్ది, టార్చ్ పట్టుకుని లోపల పడుకున్నాను. బయట స్నేహితుడు పైపుతో నీళ్ళు పట్టాడు. డెక్ మీద అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట మొదలుపెట్టి, ఒక్కొక్క బోల్టు దగ్గర పది నిమిషాలు ఆగి, మెల్లగా పైకి రమ్మన్నాను. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు కిందున్న వాటన్నిటినీ తడుపుకుంటూ పోతాయి, ఏది కారుతోందో తేలదు. కిటికీ దగ్గర ఏమీ లేదు. అతను దాన్ని దాటి నాలుగు అడుగులు ముందుకి వెళ్ళి, డెక్ అంచున కంచెలా నిలబెట్టిన ఒక స్టీలు గొట్టం మొదట్లో నీళ్ళు పట్టగానే, తెల్లటి పొడిలో నా తల పైన ఒక నల్లటి చుక్క పడింది. అది సాగి సన్నటి గీతయింది, డెక్ అడుగునే పాకుతూ వెనక్కి వచ్చి, కిటికీ మూల దగ్గర ఒక్క క్షణం ఆగి, టప్పున నా భుజం మీద పడింది.

నీళ్ళు దూరే చోటు వేరు, కనిపించే చోటు వేరు. ఆ రెండు నెలల్లో పాడైంది పరుపు ఒక్కటే కాదు, డెక్ లోపలి చెక్క కూడా.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పాత ఫైబర్‌గ్లాస్ పడవల్లో ఎక్కువ కష్టం ఇక్కడే ఉంటుంది. నీటిలో ఉండే పడవ ఒళ్ళు, అంటే హల్, ఆ కాలం పడవల్లో చాలావరకు ఒకే మందపాటి ఫైబర్‌గ్లాస్ గోడ. యాభై ఏళ్ళయినా గట్టిగా ఉన్నవి ఎన్నో చూశాను. దానిమీద అక్కడక్కడా చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే కంగారు పడకండి, వాటివల్ల పడవ మునగడం చాలా అరుదు. డెక్ కథ వేరు. పైన ఒక పలచటి ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకో పొర, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. తేలిగ్గా ఉండి, కాలు పెడితే వంగకుండా ఉండాలని అలా చేస్తారు. పొడిగా ఉన్నన్నాళ్ళు ఆ ఏర్పాటు అద్భుతం. కానీ డెక్‌కి బిగించే ప్రతి వస్తువుకీ బోల్టు కోసం రంధ్రం చెయ్యాలి, ఆ రంధ్రం మధ్య చెక్కలోంచే పోతుంది. సీలెంట్ ఎండి బీటలిచ్చిన రోజు నుంచి నీళ్ళు ఆ చెక్కలోకి దిగుతాయి. మళ్ళీ బయటికి రావడానికి దారి ఉండదు. పైకి డెక్ మెరుస్తూనే ఉంటుంది.

దీన్ని కనిపెట్టడం మీ చేతిలో పనే. చిన్న ప్లాస్టిక్ సుత్తి తీసుకోండి, లేదా స్క్రూడ్రైవర్‌ని తిప్పి పట్టుకుని పిడితో కొట్టినా సరే, డెక్ అంతా జానెడు జానెడుకీ ఒకసారి తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్న చోట టక్ టక్‌మని స్పష్టంగా పలుకుతుంది. కుళ్ళిన చోట డబ్ డబ్‌మని మొద్దు శబ్దం. ఒక గంట తడితే చెవికి దానంతటదే తెలిసిపోతుంది. శబ్దం మారిన చోటల్లా చాక్‌పీస్‌తో గీత గియ్యండి. తెరచాప కట్టే స్తంభం, అంటే మాస్ట్, దాని మొదలు దగ్గర, కంచె గొట్టాల దగ్గర, కిటికీల చుట్టూ మరీ జాగ్రత్తగా వినండి. నడుస్తుంటే పాదం కింద కొంచెం దిగినట్టు అనిపించే చోటు ఉంటే అక్కడ తట్టాల్సిన అవసరం కూడా లేదు.

నా పడవలో ఆ గొట్టం చుట్టూ రెండు చేతులు చాపినంత మేర డబ్ డబ్‌మంది. గ్రైండర్‌తో పై పొర మాత్రమే కోసి, ఉలి దూర్చి మెల్లగా లేపితే మూతలా వచ్చేసింది. కింద బాల్సా అన్నది లేదు. నల్లగా, తడిసి ముద్దయిన రంపపు పొట్టు, పిడికిట పట్టి పిండితే నీళ్ళు కారాయి. దాన్ని గరిటెలాంటి దానితో గీకి తీసి, గట్టి చెక్క తగిలేదాకా అంచులు తవ్వి, పైన టార్పాలిన్ కట్టి రోజుల తరబడి ఆరబెట్టి, కొత్త బాల్సా ముక్కలు ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురుతో కూర్చి, కోసిన మూతని మళ్ళీ అతికించాను. అతుకు మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ వెయ్యడానికి రెండు వైపులా అంచుల్ని వాలుగా అరగదీయాలి. పొర మందానికి 12 రెట్లు వెడల్పు ఉండాలి ఆ వాలు. ఇందులో పిసినారితనం చేస్తే అతుకు నిలవదు. చిన్న రంధ్రాలు చేసి తడి చెక్కలోకి ఎపాక్సీ ఎక్కిస్తే సరిపోతుందని కొందరు చెప్తారు. నమ్మకండి, నీళ్ళు ఉన్న చోటికి ఎపాక్సీ పోదు.

ఇక రంధ్రాల సంగతి. డెక్ మీదున్న ప్రతి బోల్టూ ఒకసారి విప్పాల్సిందే. రంధ్రాన్ని బోల్టు కంటే బాగా పెద్దది చేసి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని నడుమ బోల్టుకి సరిపడా కొత్త రంధ్రం చెయ్యాలి. అప్పుడు రేపు సీలెంట్ పాడైనా నీళ్ళు ఎపాక్సీ గొట్టంలోంచి కింద పడతాయే తప్ప చెక్కని తాకవు. సీలెంట్‌గా నేను బ్యూటైల్ అనే జిగట రబ్బరు టేపే వాడతాను, ఏళ్ళు గడిచినా మెత్తగా సాగుతూ ఉంటుంది, విప్పాలంటే విప్పుకోవచ్చు. డెక్ మీద సిలికాన్ మాత్రం పెట్టొద్దు, అది అంటిన చోట తర్వాత ఇంకేదీ సరిగా అంటదు. బిగించేటప్పుడు పైన బోల్టు తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి, లోపల నట్టు ఒకరు తిప్పాలి. బోల్టు తిరిగితే దాని చుట్టూ ఉన్న సీలు తెగుతుంది. మీరు ఇద్దరున్నారు కాబట్టి ఈ పని మీకు హాయిగా సాగుతుంది.

ఎపాక్సీ గురించి ఒక్కమాట, మీ ఒంటికి సంబంధించింది. గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. చర్మానికి ఒకసారి దాని ఎలర్జీ పట్టుకుంటే ఇక పోదు, ఆ తర్వాత వాసన తగిలినా దద్దుర్లు వచ్చినవాళ్ళని చూశాను. చేతికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, అది చర్మంలోకి ఇంకా లోతుగా పంపిస్తుంది. కలిపిన ఎపాక్సీని లోతు గిన్నెలో వదిలేస్తే తనంతట తనే వేడెక్కి పొగలు కక్కుతుంది, వెడల్పు ట్రేలో పలచగా పొయ్యండి. పడవ అడుగున పాత రంగు తీసేటప్పుడు కూడా పొడిగా గీకొద్దు. నాచు, గవ్వలు పట్టకుండా ఉండాలని అందులో రాగి కలుపుతారు, ఆ ధూళి ఊపిరితిత్తులకి విషం. తడుపుతూ రుద్దండి, మంచి మాస్క్ పెట్టుకోండి.

డెక్ కారితే పడక తడుస్తుంది. నీటి మట్టానికి కింద కారితే పడవే పోతుంది. సింక్‌కి, టాయిలెట్‌కి, ఇంజను చల్లబరచడానికి హల్‌కి రంధ్రాలు ఉంటాయి, ఒక్కోదానికీ లోపల సీకాక్ అనే కుళాయి, దానికో రబ్బరు పైపు. నీటికి రెండడుగుల కింద అంగుళంన్నర పైపు ఊడిందంటే నిమిషానికి వంద లీటర్లకు పైనే లోపలికి వస్తుంది. చేతి పంపుతో ఒక మనిషి దాన్ని ఎంతోసేపు తట్టుకోలేడు. కాబట్టి ప్రతి కుళాయినీ తిప్పి చూడండి. తిరగకపోతే అది కుళాయి కింద లెక్క కాదు. లోహాన్ని కొంచెం గీకి చూడండి, గులాబీ రంగు కనిపిస్తే అది ఇత్తడి, అందులోని జింకుని ఉప్పునీళ్ళు తినేశాయని అర్థం, ఒకరోజు చేతిలోనే విరుగుతుంది. కంచుది పెట్టండి. పక్కనే ఆ రంధ్రానికి సరిపోయే కొయ్య బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి, చీకట్లో వెతుక్కునే టైము ఉండదు.

ఈ పనులకే నెలలు పోతాయి, నిరాశ పడకండి. జాషువా స్లోకం అనే కెప్టెన్‌కి 1892లో స్ప్రే అనే పాత పడవ ఒకటి దొరికింది, అమెరికాలో ఫెయిర్‌హేవెన్ దగ్గర ఒక పొలంలో ఏళ్ళ తరబడి పడి ఉన్నది. చెట్టు కొట్టి దూలం చెక్కడం దగ్గర్నుంచి అన్నీ తన చేతులతోనే చేశాడు, 13 నెలలు పట్టింది. ఆయన పుట్టుకతో పనివాడు, జీవితమంతా ఓడల్లో గడిపినవాడు. అయినా అంత కాలం పట్టింది. ఆ పడవ మీదే 1895లో బయల్దేరి 1898కల్లా ఒంటరిగా భూమి చుట్టి వచ్చాడు, అలా వచ్చిన మొదటి మనిషి ఆయనే. మీరు వారాంతాల్లో చేసుకునేవాళ్ళు, ఏడాదిన్నర అనుకుని మొదలుపెట్టండి.

మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీలు తీగలు పదేళ్ళు దాటినవైనా, ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియకపోయినా, మార్చేయండి. ఒక్క పోగు తెగి ముల్లులా పైకి లేచినా ఆ తీగ పని అయిపోయినట్టే. ఆ తీగల్ని పట్టుకుని డెక్‌లోంచి కిందికి దిగే స్టీలు పట్టీలు ఉంటాయి, చెయిన్‌ప్లేట్లు అంటారు, వాటిని ఊడదీసి చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదనుకుంటాం కానీ గాలి ఆడని తడిలో ఉంటే లోలోపలే తినేసుకుంటుంది, బయటికి కనిపించే భాగం మాత్రం తళతళలాడుతుంది. తెరచాపలు ఇప్పటికి ఉన్నవే చాలు.

నిప్పు, గ్యాస్ గురించి నాకు నిజంగా భయం, మీకూ ఉండాలి. వంటగ్యాస్, పెట్రోలు ఆవిరి రెండూ గాలికంటే బరువు. ఇంట్లో అయితే కిటికీలోంచో తలుపు కిందనుంచో కొంతైనా పోతుంది, పడవలో మాత్రం బిల్జ్‌లోకి దిగి నీళ్ళలాగే నిలబడుతుంది. బిల్జ్ పంపు స్విచ్ వేసినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండరు బయటే, అడుగున బయటికి రంధ్రం ఉన్న పెట్టెలో పెట్టండి, వంట కాగానే గ్యాస్‌ని సిలిండరు దగ్గరే ఆపేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకకి దగ్గర్లో ఉండాలి, ఆ వాయువుకి రంగూ వాసనా లేవు. కరెంటు వైర్లు పాతవైతే మొత్తం పీకేసి తగరం పూత ఉన్న రాగి వైరు వెయ్యండి, మామూలు రాగి ఉప్పుగాలికి నల్లబడిపోతుంది. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు దాకా ఉన్న వైరుకి ఏ రక్షణా ఉండదు కదా, అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

పని చేసుకుంటూ అందులోనే ఉండొచ్చా అని అడిగారు. డెక్ తెరిచి ఉన్నప్పుడు వద్దు. ఫైబర్‌గ్లాస్ ధూళి దుప్పట్లోకి, అన్నంలోకి, కళ్ళలోకి వస్తుంది, మనసు కూడా నెల తిరక్కుండా విసిగిపోతుంది. ధూళి పని మొత్తం అయ్యాక మారండి. మారాక వచ్చే ఇబ్బంది ఇంకోటుంది, అది కూడా నీళ్ళే, కాకపోతే మీ ఊపిరిలోంచి వచ్చేవి. ఇద్దరు తలుపు మూసుకుని పడుకుంటే చల్లటి రాత్రి తెల్లారేసరికి హల్ లోపలి గోడల మీద చెమ్మ చేరి, కారి, పరుపు కింద నిలుస్తుంది. పరుపు పైనంతా బాగానే ఉంటుంది, ఎత్తి చూస్తే అడుగంతా నల్లటి బూజు. సన్న చెక్క పట్టీలు వరసగా పరిచి వాటిమీద పరుపు వేసుకుంటే కింద గాలి ఆడుతుంది. ముందొకటి, వెనకొకటి, గాలి వచ్చి పోయే దారులు రెండూ వానలో కూడా తెరిచి ఉంచగలిగేలా చేసుకోండి. అరల తలుపులకి కూడా రంధ్రాలు పెట్టండి.

వచ్చే ఆదివారం మళ్ళీ పడవ దగ్గరికి వెళ్తున్నామన్నారు కదా. ప్లాస్టిక్ సుత్తి, చాక్‌పీసులు, టార్చ్ తీసుకెళ్ళండి. నేల పలకలు ఎత్తి బిల్జ్ ఫొటో తియ్యండి, నీళ్ళుంటే వేలు ముంచి నాలుకకి తగిలించి ఉప్పగా ఉన్నాయో లేదో రాయండి. ఉప్పగా ఉంటే కిందనుంచి వచ్చినవి, చప్పగా ఉంటే వాన నీళ్ళో, ట్యాంకులోంచి కారినవో. డీజిల్ తెట్టు తేలుతుంటే మాత్రం నోట్లో పెట్టకండి, వాసన ఎలా ఉందో రాస్తే చాలు. ఆ తర్వాత డెక్ అంతా తట్టి, గీతలు గీసి, మాస్ట్ పక్కన నిలబడి ముందుకొకటి వెనక్కొకటి ఫొటో తీసి పంపండి. ఆ గీతలు చూశాక కొనాలో వద్దో ముగ్గురం మాట్లాడుకుందాం.

మీ తాతయ్య