లిప్ రీడింగ్, ఫింగర్ స్పెల్లింగ్ యాప్‌లు: అపోహలు - వాస్తవాలు

వినికిడి తగ్గినవాళ్లకు లిప్ రీడింగ్ (పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకోవడం), వాళ్లకూ ఇంట్లోవాళ్లకూ ఫింగర్ స్పెల్లింగ్ (చేతివేళ్లతో ఒక్కో అక్షరం చూపించి పదం చెప్పడం) నేర్పడం నా పని. ఈమధ్య చాలామంది ఫోన్‌లో ఏదో ఒక యాప్‌తో సాధన మొదలుపెట్టాకే నా దగ్గరికి వస్తున్నారు. అది నాకు సంతోషమే. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా మళ్లీ చెప్పేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. కానీ దాని మీద కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: బాగా సాధన చేస్తే ప్రతి మాటా పెదవుల మీద కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా పాట, బాట, మాట అనండి. మూడూ ఒకేలా ఉంటాయి. చిన్నప్పుడు వల్లించిన ప వర్గంలో అక్షరాలన్నీ పెదవులు మూసి తెరిస్తే వచ్చేవే. బ అన్నప్పుడు గొంతు మోగిందో లేదో, మ అన్నప్పుడు గాలి ముక్కులోంచి పోయిందో లేదో కంటికెలా తెలుస్తుంది? క, గ అయితే నోట్లో ఎక్కడో వెనకాల పుడతాయి. కాబట్టి క్విజ్‌లో "బాట"కు బదులు "మాట" అని నొక్కితే ఆ తప్పు మీ కళ్లది కాదు. "పాట పాడింది", "మాట ఇచ్చాడు" అన్నప్పుడు పక్కనున్న పదమే దారి చూపిస్తుంది. అందుకే విడి పదాల క్విజ్‌ల కన్నా, విషయం ఏమిటో ముందే చెప్పి వాక్యాలు చూపించే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోమంటాను.

అపోహ: స్కోరు పెరిగితే లిప్ రీడింగ్ వచ్చేసినట్టే.

వాస్తవం: ఒకాయన నెల రోజులు ఒకే యాప్ వాడి, నూటికి తొంభై దాటాక నా దగ్గరికి వచ్చారు. అవే వాక్యాలు నేను గొంతు లేకుండా చెబితే పదింటిలో మూడే అందాయి. పాపం, ముఖం చిన్నబోయింది. ఆ యాప్‌లో మాట్లాడేది ఒకే ఒక్కావిడ. ఏ వాక్యానికి ముందు ఆవిడ తల ఎటు వంచుతుందో కూడా ఆయనకు కంఠతా వచ్చేసింది. ఇంట్లో ముగ్గురి చేత, గడ్డం ఉన్న తమ్ముడితో సహా, కొత్త వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేయించి, సౌండ్ తీసేసి చూడమన్నాను. స్కోరు పడిపోయింది. కొడుకును "ఏమన్నావు?" అని రెండోసారి అడగడం మాత్రం తగ్గింది.

అపోహ: నోరు పెద్దగా తెరిచి, సాగదీసి చెప్పే వీడియోలే మేలు.

వాస్తవం: సాగదీస్తే పెదవుల ఆకారమే మారిపోతుంది. మామూలుగా మాట్లాడిన వీడియోను కాస్త వేగం తగ్గించి చూసి, వెంటనే అసలు వేగంలో మళ్లీ చూడండి.

అపోహ: ఏఐ పెదవులు చదివేస్తోంది, ఇక మనకెందుకు?

వాస్తవం: 2016లో లిప్‌నెట్ అనే ఏఐ ప్రోగ్రామ్ పెదవులు చదవడంలో 95.2 శాతం కచ్చితత్వం సాధించిన మాట నిజమే. కానీ ఆ వాక్యాలన్నీ ఆరేసి పదాలవి. ఏ పదం తర్వాత ఏ రకం పదం వస్తుందో ముందే ఖాయం. నలుగురు ఒకేసారి మాట్లాడుకునే గది అలా ఉండదు.

అపోహ: 26 ఇంగ్లీషు అక్షరాల చేతి బొమ్మలు గుర్తుంటే ఫింగర్ స్పెల్లింగ్ వచ్చేసినట్టే.

వాస్తవం: మన చేత్తో మనం చూపించడం వస్తుందేమో, ఎదుటివాళ్ల చేతిని చదవడం రాదు. అమెరికన్ పద్ధతిలో ఏ, ఎస్, టీ, ఎన్, ఎం అన్నీ పిడికిళ్లే. బొటనవేలు పక్కన ఆనితే ఏ, వేళ్ల మీదుగా ముందుకొస్తే ఎస్, చూపుడువేలి కింద దూరితే టీ, రెండు వేళ్ల కింద ఎన్, మూడు వేళ్ల కింద ఎం. అలవాటైనవాళ్ల చేతిలో సెకనుకు నాలుగైదు అక్షరాలు దాటిపోతుంటే ఆ బొటనవేలు ఎక్కడ దొరుకుతుంది? పైగా జె, జెడ్ గాల్లో గీసే అక్షరాలు, నిలిచిన బొమ్మలో పట్టుబడవు. ఒక బొమ్మ తర్వాత ఇంకో బొమ్మ చూపించే యాప్‌లో అక్షరానికీ అక్షరానికీ మధ్య కదలికే ఉండదు. చదవాల్సింది ఆ కదలికనే. నిజమైన చేతుల వీడియోలు ఉన్నవే తీసుకోండి. ఒక అక్షరం జారిపోతే అక్కడే ఆగిపోకుండా చివరిదాకా చూసి, పదం మొత్తాన్ని ఊహించండి.

ఇన్‌స్టాల్ చేసేముందు ఏ పద్ధతో కూడా చూసుకోండి. అమెరికన్‌ది ఒంటి చేతిది. బ్రిటిష్‌ది రెండు చేతులది, అందులో ఐదు అచ్చులకు ఐదు వేలికొసలు. భారతీయ సైన్ లాంగ్వేజ్‌లోనూ ఎక్కువగా రెండు చేతులే.

అపోహ: ఎంతసేపు చేస్తే అంత మంచిది.

వాస్తవం: చూసి అర్థం చేసుకోవడం చాలా అలసట తెచ్చే పని. పది, పదిహేను నిమిషాలు చాలు. కళ్లు లాగుతుంటే ఫోన్ పక్కన పెట్టేయండి, మిగతాది సాయంత్రం చూసుకోవచ్చు.