15వ తేదీ రాత్రి రెండున్నర ఫ్లైట్ అంటే ఏ రాత్రి? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో విమానం టికెట్లు బుక్ చేయడం నా పని. డాలస్‌లో బిడ్డ దగ్గరికి పోయే అమ్మానాన్నలైనా, దుబాయ్ పోయే జగిత్యాల, సిరిసిల్ల పిల్లలైనా టైము దగ్గరే తికమక పడుతున్నారు. అందుకే రాస్తున్నా.

అపోహ: టికెట్ మీద 15వ తేదీ, 02:30 అని ఉంటే 15న రాత్రి పోవాలి.

వాస్తవం: కాదు! 14న రాత్రి పోవాలి. మనకు తెల్లారితేగానీ రోజు మారినట్టు కాదు. టికెట్ మీద మాత్రం రాత్రి పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. శంషాబాద్ నుంచి గల్ఫ్ విమానాలు ఎన్నో అర్ధరాత్రి దాటాకే లేస్తాయి కాబట్టి దెబ్బ తినేది మనవాళ్లే.

వెనక నుంచి లెక్క కట్టండి. 02:30 ఫ్లైట్‌కు చెకిన్ కౌంటర్ గంట ముందే మూస్తారు. మూడు గంటల ముందు చేరాలంటే రాత్రి 11:30. హనుమకొండ నుంచి జనగామ, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి నాలుగు గంటలు పెట్టుకోండి. అంటే 14న సాయంత్రం ఏడున్నరకల్లా కారు కదలాలి.

పరకాల దిక్కు అబ్బాయి ఒకతను ఇట్లాగే 15న సాయంత్రం ఫోన్ చేసిండు. "అన్నా, కారు ఎక్కుతున్నం, వెబ్ చెకిన్ అయితలేదు, జర చూడరాదు." పీఎన్ఆర్ కొడితే నో-షో, అంటే ఫ్లైట్ పోయింది, ఇతను ఎక్కలేదని. వెనక వాళ్లమ్మ సకినాల డబ్బా ఏ బ్యాగుల పెట్టాలని అడుగుతోంది. అప్పు తెచ్చి కొన్న టికెట్ అది. ఆ పిల్లవాడికి ఎట్లా చెప్పాలో నాకు నోరు రాలేదు. రానుపోను టికెట్ అయితే పోయేది మిస్సయితే వచ్చేదీ మామూలుగా రద్దయిపోతుంది. చదువురాని వాళ్ల పొరపాటనుకోకండి, లెక్చరర్లూ పడ్డారు ఇందులో. టికెట్ చేతికి రాగానే "ఏ రోజు, ఎన్నింటికి ఇల్లు కదలాలి?" అని అడిగి, గోడ క్యాలెండర్‌లో ఆ గడిలోనే రాసుకోండి.

అపోహ: దిగే టైములోంచి ఎక్కే టైము తీసేస్తే ప్రయాణం ఎంతసేపో తెలుస్తుంది.

వాస్తవం: ఎక్కే టైము మనది, దిగే టైము అక్కడిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. 02:30కి లేచి 05:00కి దిగితే ప్రయాణం నాలుగు గంటలు. "ఆ ఫ్లైట్ స్పీడట, రెండున్నర గంటల్లోనే దించుతదట" అనే ముచ్చట ఇకనైనా ఆపండి. దోహా, రియాద్ రెండున్నర గంటలు వెనక. డాలస్ అయితే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా కాలం పదకొండున్నర.

అపోహ: దూరం తక్కువైతే టైమూ తక్కువే.

వాస్తవం: విమానాలు ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పసిఫిక్ మీదుగా నడిపింది. దాదాపు 15,300 కిలోమీటర్లు, అట్లాంటిక్ దారి కంటే ఎక్కువే. అయినా గాలి వెనక నుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లో, ఆ దారి కంటే రెండు గంటలు ముందే చేరింది. దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు తరచూ అరగంట కలిసొచ్చేది కూడా ఇందుకే.

తీసుకురావడానికి పోయేవాళ్లు దిగే టైము పక్కన చిన్నగా +1 ఉందేమో చూడండి. ఉంటే బయల్దేరిన మర్నాడు దిగుతారని.