ఫ్యాటీ లివర్‌కి ఇమ్యూనిటీ పెంచుకోవాలా? అపోహలు - వాస్తవాలు

"స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అన్నారు సార్, ఇమ్యూనిటీ తగ్గినట్టుంది, పెరగడానికి ఏదైనా రాయండి." ఓపీలో ఈ మాట వినని రోజుండదు.

అపోహ: ఇమ్యూనిటీ తగ్గి లివర్ పాడవుతుంది.

జరిగేది చాలావరకు దీనికి తలకిందులు. కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల వైపు నుంచే వస్తుంది, దాంతోపాటు కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల తుక్కును మింగేయడానికి అక్కడ కుఫ్ఫర్ కణాలు కాపలా ఉంటాయి. కొవ్వు పేరుకుని కాలేయ కణాలు దెబ్బతింటున్నాయనుకోండి, ఈ కాపలా కణాలే కంగారుపడి రక్తంలోని తెల్లకణాలను కూడా పిలుస్తాయి. బయాప్సీ (లివర్ నుంచి సూదితో తీసిన చిన్న ముక్క) స్లైడును మైక్రోస్కోప్‌లో చూస్తే కొవ్వు ఉన్నచోటల్లా తెల్లటి ఖాళీ గుండ్రాలు, మధ్యలో బూరెలా ఉబ్బిన కణాలు, వాటి చుట్టూ మూగిన తెల్లకణాలు. ఇన్ఫెక్షన్ ఏమీ ఉండదు. తెల్లకణాలు మూగడంతో వచ్చే ఈ వాపు ఏళ్ల తరబడి ఆగకపోతే, మామూలుగా విటమిన్ ఎ దాచుకునే స్టెల్లేట్ కణాలు ఆ పని మానేసి మచ్చకణజాలం తయారుచేస్తాయి. అదే ఫైబ్రోసిస్, ముదిరితే సిర్రోసిస్.

అపోహ: తిప్పతీగ కషాయమేగా, ఆకుమందు ఏం చేస్తుంది?

కోవిడ్ టైమ్‌లో మొదలుపెట్టి మానకుండా తాగుతున్న ఒకాయన కళ్లు పచ్చబడి వచ్చారు. కషాయం సంగతి మూడోసారి అడిగితేగానీ చెప్పలేదు, ఆయన లెక్కలో అది మందే కాదు మరి! తిప్పతీగ వాడినవాళ్లలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (మన ఇమ్యూనిటీయే మన లివర్‌పై దాడి చేయడం) లాంటి జబ్బు చూశామని 2021లో ముంబయి డాక్టర్లు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు కానీ, ఆ తర్వాత వేరే ఊళ్ల ఆసుపత్రుల నుంచీ అలాంటి కేసులే వచ్చాయి. అందరికీ అవుతుందని కాదు. ఇప్పటికే వాపుతో ఉన్న లివర్ మీద ఆ ప్రయోగం ఎందుకన్నదే నా గొడవ.

అపోహ: అయితే ఇమ్యూనిటీ తగ్గించే మందు వేస్తే సరి.

ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్లు షుగరూ కొవ్వూ రెండూ పెంచుతాయి. తెల్లకణాలు లివర్‌లోకి రాకుండా అడ్డుకునే సెనిక్రివిరాక్ అనే మందు మీద ఆశపడ్డాం, దాని మూడో దశ ట్రయల్‌ను ఫలితం లేదని 2021లో ఆపేశారు.

అపోహ: ఎస్‌జీపీటీ (లివర్ రక్తపరీక్ష) నార్మల్, భయం లేదు.

నార్మల్‌గా ఉండి ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లూ ఉన్నారు. షుగర్ ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) గురించి అడగండి.

ఇంతకీ వాపు ఎలా దిగుతుందంటే, ఆ కణాలను కెలుకుతున్న కొవ్వు తగ్గాలి. 80 కిలోల మనిషి 6 నుంచి 8 కిలోలు తగ్గితే చాలామందిలో దిగుతుంది. ఇది చెప్పగానే "అది సరే సార్, టాబ్లెట్ ఏమీ లేదా?" అంటారు.