కూతకెళ్లిన మోకాలు

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి కబడ్డీ చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. కూతకెళ్లిన కుర్రాడు పట్టు తప్పించుకుని చటుక్కున వెనక్కి తిరుగుతాడు. ఒంటి మీద ఎవరి చెయ్యీ పడలేదు. అయినా మోకాలు పట్టుకుని కూలబడతాడు. దిష్టి తగిలిందంటుంది ఓ పెద్దావిడ. నరం తెగిందంటాడు పక్కాయన.

తెగడం నిజమే కావచ్చు గానీ అది నరం కాదు. తొడ ఎముకనూ దాని కింది ఎముకనూ మోకాలి లోపల బిగించి ఉంచే లిగమెంట్. డాక్టర్లు ఏసీఎల్ అనేది దీన్నే. ఎదుటివాడి దెబ్బకు తెగేది తక్కువ, మన అడుగు మనమే తప్పుగా మోపి తెంచుకునేది ఎక్కువ. మోకాలు పెద్దగా వంగకుండా అడుగు పడి, ఒంటి బరువుకు అది లోపలికి వాలిందా, ప్రమాదమే. అలాంటి గాయాల వీడియోలను ఫ్రేము ఫ్రేముగా పరిశీలిస్తే, పాదం నేలను తాకిన సుమారు 40 మిల్లీసెకన్లకే అంతా అయిపోతోందని తేలింది. రెప్పపాటు కూడా అంతకంటే ఎక్కువే. ఆ వ్యవధిలో ఎవరు 'జాగ్రత్తరా' అని అరిచినా ఏం లాభం? సరిగ్గా అడుగు వేయడం ఒంటికి ముందే అలవాటై ఉండాలి.

ఆ అలవాటు నేర్పవచ్చా అని నార్వేలో 15–17 ఏళ్ల హ్యాండ్‌బాల్ ఆటగాళ్లు 1,837 మంది మీద పరీక్షించారు. సగం జట్లు సాధన మొదట్లో పావుగంటో ఇరవై నిమిషాలో ప్రత్యేక వ్యాయామాలు చేశాయి. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం వాళ్లలో మోకాలు, చీలమండ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. ఆట వేరైనా ఆగడం, తిరగడం, ఎగరడం మన కబడ్డీలోవే.

మైదానం చుట్టూ రెండు రౌండ్లు కొట్టి వంగి కాలివేళ్లు ముట్టుకోవడం కాదు ఇది. ఎగిరి దిగాలి, మోకాలు వంచి, అది పాదం మీదుగానే ఉండేలా. ఒంటికాలి మీద నిలబడితే తోటివాడు మెల్లగా తోయాలి. తొడ వెనక కండ కింది ఎముకను వెనక్కి లాగి ఏసీఎల్‌కు కాపు కాస్తుంది కాబట్టి దానికీ పని పెట్టాలి: మోకాళ్ల మీద నిలబడి, వెనక ఒకరు చీలమండలు పట్టుకుంటే, నడుం వంచకుండా మెల్లగా ముందుకు వాలడం. చీలమండలు పట్టుకునేవాళ్లకు కబడ్డీ జట్టులో కొదవా!

మైపాడు బీచ్ ఇసకలో పరుగెత్తితే చాలనేవాళ్లున్నారు. పిక్కబలం వస్తుంది, కాదనను. కానీ ఆడే నేల మీద ఆగడం ఆ నేల మీదే నేర్చుకోవాలి.

అమ్మాయిల జట్లకు ఇది మరీ అవసరం. ఒకే ఆటలో అబ్బాయిలకంటే వాళ్లకు ఏసీఎల్ తెగే ముప్పు రెండు మూడు రెట్లు. ఒకసారి చీలమండ బెణికినవాళ్లకూ ఈ సాధన అవసరమే. వాపు తగ్గినా, కాలు ఏ వాలులో ఉందో చెప్పే గ్రహింపు మందగిస్తుంది, అదే కాలు మళ్లీ బెణుకుతుంది. వాళ్లు పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడినా సాధనే.

కోచ్‌కు పరికరాలేమీ అక్కర్లేదు. పిల్లలు ఎగిరి దిగేటప్పుడు కాసేపు కళ్లు మూసుకుని వింటే చాలు. ధబ్బుమని చప్పుడు వచ్చినవాణ్ణి పక్కకు పిలిచి మళ్లీ ఎగరమనాలి.