భర్త ఆధార్‌కు కట్టేసిన పదిహేను వందలు

మహారాష్ట్ర సరిహద్దులోని మా సిరొంచ తాలూకాలో లాడ్కీ బహీణ్ గొడవ మళ్లీ రాజుకుంది. ఆడవాళ్ల ఖాతాల్లో నెలనెలా డబ్బు వేసే మహారాష్ట్ర ప్రభుత్వ పథకం అది. ఇద్దరు ఆడవాళ్లు ఎదురైతే చాలు, "నీకు పడ్డయా?" అన్నదే పలకరింపు. నెలకు 1,500 రూపాయలు, వయసు 21 నుంచి 65, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు. ఇవన్నీ తెలిసినవే. తునికాకు తెంపి, ఏరు దాటి మిరపకాయలు ఏరి బతికే కూలీ ఇంటికి ఆ ఆదాయ పరిమితి ఏనాడూ అడ్డం కాలేదు. పసుపు, కేసరి (నారింజ) రంగు రేషన్ కార్డున్న వాళ్లను ఆదాయం దాఖలా కూడా అడగలేదు.

చిక్కు పడింది 2024 జులై మొదటి వారంలో. పథకం తెచ్చిన జూన్ 28 నాటి ఉత్తర్వు డొమిసైల్, అంటే ఈ రాష్ట్రవాసి అన్న ధ్రువపత్రం, తప్పనిసరి అంది. ప్రాణహిత ఒడ్డున పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి రాష్ట్రాల హద్దు ఎన్నడూ లేదు. చెన్నూరు, కోటపల్లి, మహదేవ్‌పూర్ వైపు నుంచి వచ్చిన కోడళ్ల బడి టీసీలు, పుట్టిన దాఖలాలు అటువైపువే. వారం తిరక్కుండానే నిబంధన సడలింది. 15 ఏళ్ల నాటి రేషన్ కార్డో ఓటరు కార్డో చాలన్నారు. బయటి రాష్ట్రంలో పుట్టి ఇక్కడివాడిని చేసుకున్న ఆమెకైతే భర్త టీసీ, జనన దాఖలా, డొమిసైల్‌లలో ఏదున్నా సరేనన్నారు. అందరం మేలే జరిగిందనుకున్నాం. కానీ కోడలి అర్హత భర్త కాగితాల్లోకి వెళ్లిపోయింది ఆనాడే. లబ్ధిదారులంతా ఆధార్‌తో మళ్లీ గుర్తింపు రుజువు చేసుకోవాలన్న 2025 సెప్టెంబరు 18 నాటి ఈ-కేవైసీ ఉత్తర్వు అదే పద్ధతిని అందరికీ పెట్టింది: ఆమె ఆధార్‌తో పాటు భర్తదో తండ్రిదో ఉండాలి, ఆ ఆధార్‌కు కట్టిన ఫోను నంబరుకు ఓటీపీ రావాలి.

అనర్హుల ఏరివేత తప్పదన్నది ప్రభుత్వం మాట. 26.34 లక్షల మందికి డబ్బు ఆపామని 2025 జులైలో మంత్రి అదితి తట్కరే ప్రకటించారు. మగవాళ్ల పేర్లు వేలల్లో బయటపడ్డాయి కూడా. వాళ్లను తీసెయ్యాల్సిందే.

ఈ-కేవైసీ చేసే సేతు కేంద్రంలో (మీసేవ లాంటిది) నేను చూసిన ఆమె మగవాడూ కాదు, డబ్బున్నామె అంతకన్నా కాదు. ప్లాస్టిక్ కవర్లోంచి రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. ఆపరేటర్ అవేవీ చూడలేదు, ఓటీపీ చెప్పమన్నాడు. భర్త వదిలేసి వెళ్లి ఎనిమిదేళ్లు. ఆ నంబరు ఎవరి దగ్గరుందో ఆమెకు తెలియదు. తండ్రి చెన్నూరు దగ్గరి ఊళ్లో పోయాడు. ఆ చావు పంచాయతీలో ఎవరూ రాయించలేదు.

2025 నవంబరులో ఈ-కేవైసీ గడువును డిసెంబరు 31కి పొడిగించినప్పుడు వితంతువులకు మరణ ధ్రువపత్రంతో, విడాకులైన వాళ్లకు ఆ కాగితంతో దారి చూపారు. భర్త వదిలేసిన స్త్రీలను మొదటి ఉత్తర్వులోనే అర్హులుగా పేరుపెట్టి రాశారు. వాళ్లు ఏ కాగితం తేవాలి? వదిలేసి పోయాడని రాసిచ్చే ఆఫీసు ఈ తాలూకాలో లేదు. ఆమె కాగితాలన్నీ మళ్లీ కవర్లో పెట్టుకుంది. మిరప చేలకు పోయే ముఠాతో మర్నాడే ప్రయాణం.