పెళ్లికి ముందు రాసిన నామినీ చెల్లదు: ఉద్యోగి రికార్డులపై అపోహలు, వాస్తవాలు

ఎవరైనా శుభలేఖ ఇవ్వడానికి వస్తే నేను ముందు అడిగేది ముహూర్తం కాదు, "పీఎఫ్‌లో నామినీ ఎవరు?" అని. దీని మీద మా ప్లాంటులో బోలెడు జోకులున్నాయి. ఉండనివ్వండి. ఇప్పుడు నెల్లూరు జిల్లాలోని రొయ్యల ప్లాంటులో, అంతకుముందు చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో కార్మికుల రికార్డులు చూసే పనే చేస్తూ వచ్చాను. రెండు చోట్లా విన్న జవాబు ఒకటే: "చేరినప్పుడే అమ్మ పేరు రాశాను కదండీ!"

అపోహ: నామినీ పేరు ఒకసారి రాస్తే ఎప్పటికీ చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. 1952 నాటి పీఎఫ్ పథకం ప్రకారం పెళ్లికి ముందు చేసిన నామినేషన్ పెళ్లితోనే రద్దయిపోతుంది. ఆ సంగతి చెబుతూ ఎవరూ నోటీసు పంపరు. పీఎఫ్ పోర్టల్ తెరిస్తే పాత పేరు అక్కడే కనబడుతుంది కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుంటారు. పెళ్లయ్యాక కొత్తగా నామినేషన్ వేయాల్సిందే. అలాగని అమ్మను తీసేయమని కాదు. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ అందులో వాటా రాయవచ్చు. తమ్ముడికి, అక్కకు మాత్రం కుదరదు. భార్యాపిల్లలు ఉన్నవారు తోబుట్టువుల పేరు రాస్తే ఆ నామినేషన్ చెల్లదు. "మా తమ్ముడు బంగారమండీ, పిల్లలను వాడే చూసుకుంటాడు" అంటారు. బంగారమే కావచ్చు, పీఎఫ్ లెక్కలో అతను కుటుంబం కాడు.

చీమకుర్తిలో ఉన్నప్పుడు కటింగ్ మెషీన్ మీద పనిచేసే కుర్రవాడొకడు ఒంగోలు నుంచి బైకు మీద వస్తూ ప్రమాదంలో పోయాడు. చేరేనాటికి పెళ్లి కాలేదు, నామినీ తల్లి. తరువాత పెళ్లయింది, పాప పుట్టింది, నామినేషన్ అలాగే ఉండిపోయింది. అత్తాకోడళ్లిద్దరూ ఒకే ఆటోలో దిగారు. వాళ్ల మధ్య తగాదా ఏమీ లేదు. "నా పేరే ఉంది కదా నాయనా, తీసుకుని ఈ పిల్ల చేతిలో పెడతాను" అంది పెద్దావిడ. అలా కుదరదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను.

చెల్లే నామినేషన్ లేనప్పుడు పీఎఫ్ సొమ్ము కుటుంబ సభ్యులకు సమాన వాటాలుగా వెళుతుంది. మేజరైన కొడుకులకు, భర్త బతికి ఉన్న కూతుళ్లకు అందులో వాటా ఉండదు. ఆ ఇంట్లో తల్లికి, భార్యకు, పాపకు తలా ఒక వాటా. అందుకని ముగ్గురి కాగితాలూ కావాలి. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కావాలి. కోడలి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు. తహసీల్దారు కార్యాలయానికి, బ్యాంకుకు తిరుగుతూ ఉండగానే పాప అన్నప్రాశన అయిపోయింది. ఆ నెలల్లో ఆ ఇంటికి జీతం లేదని వేరే చెప్పాలా?

ఇది చదివి కంగారు పడకండి, సొమ్ము ఎక్కడికీ పోదు. అవసరమైన వేళకు అందదు, అంతే. పైగా ఇది ఒక్క పీఎఫ్ నిల్వ సంగతే కాదు. సర్వీసులో ఉండగా చనిపోతే వచ్చే ఈడీఎల్ఐ బీమా గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు, దానికీ ఈ నామినేషనే ఆధారం. ఆ బీమాకు కార్మికుడి జీతం నుంచి పైసా కోయరు కాబట్టి అది ఉందనే చాలామందికి తెలియదు.

అపోహ: ఆఫీసులో చెప్పాను, వాళ్లే మారుస్తారు.

వాస్తవం: పోర్టల్‌లో వేసే ఈ-నామినేషన్‌పై మీ ఆధార్‌తో మీరే ఈ-సైన్ (ఓటీపీతో ఆన్‌లైన్ సంతకం) చేయాలి. మీ బదులు నేను చేయలేను, యజమాని ఆమోదమూ అక్కర్లేదు. వివరాలన్నీ నింపి, సేవ్ చేసి, ఈ-సైన్ దగ్గర వదిలేసేవారు ఎంతమందో! అలా వదిలేస్తే అది పెండింగే, నామినేషన్ కాదు.

ఇంటిపేరు సంగతి. పెళ్లయితే ఇంటిపేరు మార్చి తీరాలన్న చట్టం ఏదీ లేదు. మార్చుకుంటే ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్ అన్నింట్లో మార్చండి, లేదా అన్నింట్లో పాతదే ఉంచండి. సగం అటు, సగం ఇటు ఉంటేనే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. 2017 అక్టోబరు 1 తరువాత వచ్చిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరు), ఆధార్‌తో ధ్రువీకరించినదైతే, పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి వంటివి పోర్టల్‌లో మీరే సరిచేసుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఈ సౌకర్యం ఉంది. అంతకు ముందువారు మా దగ్గరికి రావాలి.

పుట్టిన తేదీ అంటారా, మా ప్లాంటులో సగం మంది జనవరి 1నే పుట్టారు! ఆధార్ తీసుకున్న రోజు తేదీ తెలియక వేయించుకున్నవే అవి. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే దాని ప్రకారం ఇప్పుడే సరిచేయించుకోండి. పెన్షన్‌కు 58 ఏళ్లు లెక్కవేసేది రికార్డులోని తేదీని బట్టే.

2022లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు "జిల్లా మారింది, పీఎఫ్ ఆగిపోతుంది" అని ఎవరో పుట్టించారు. యూఏఎన్‌కు జిల్లాతో సంబంధం లేదు. "ఈ రాత్రిలోగా లింకు నొక్కకపోతే ఖాతా మూసేస్తారు" అనే వాట్సాప్ సందేశాలు శుద్ధ మోసం. పీఎఫ్ కార్యాలయం ఫోన్ చేసి ఓటీపీ అడగదు.

సిమ్ మార్చినవారు మాత్రం ఆలస్యం చేయకండి. మీరు వదిలేసిన నంబరును కొన్నాళ్లకు కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, మీ ఓటీపీ వారి ఫోనుకు వెళుతుంది. ముందు ఆధార్‌లో, తరువాత పీఎఫ్‌లో కొత్త నంబరు ఎక్కించండి. ఈ-నామినేషన్ మా దగ్గర కూర్చుని చేసుకోవాలనుకునేవారు భోజన విరామంలో రండి. ఆధార్‌కు కలిపిన ఫోను, నామినీల ఆధార్ నంబర్లు, ఫొటోలు వెంట ఉండాలి.