పన్నెండు గ్రంథుల లెక్క ఎలా వచ్చింది?

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టులో లింఫ్ గ్రంథుల దగ్గర 0/7 అని, అంటే చూసిన ఏడింటిలో దేంట్లోనూ క్యాన్సర్ లేదని, కనిపిస్తే ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. నన్నడిగితే పైనున్న సున్నా కంటే కిందున్న 7 గురించే ముందు డాక్టర్ని అడగాలి. దొరికింది ఏడే అయితే, దొరకని ఎనిమిదో దాంట్లో ఏముందో ఎవరు చెప్పగలరు?

గ్రంథులకు ఇంత ప్రాధాన్యం రావడం వెనక లండన్ సెయింట్ మార్క్స్ ఆస్పత్రి పాథాలజిస్టు కుత్‌బర్ట్ డ్యూక్స్ ఉన్నారు. 1932లో ఆయన మలాశయ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌ని ఎ, బి, సి అని విడదీశారు, లింఫ్ గ్రంథులకు పాకితే అది సి. చాలాకాలం ఇది రోగి భవిష్యత్తును అంచనా వేయడానికే పనికొచ్చింది. 1990లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు, గ్రంథులకు పాకిన పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వాలని చెప్పడంతో కథ మారింది. ఇక ఒక్క గ్రంథి కంటపడకపోతే రోగికి అందాల్సిన మందే అందకపోవచ్చు. అదే ఏడాది సిడ్నీలో జరిగిన ప్రపంచ గ్యాస్ట్రోఎంటరాలజీ మహాసభల నిపుణుల బృందం కనీసం 12 గ్రంథులు చూడాలంది, తర్వాత ఆ అంకె చాలా దేశాల మార్గదర్శకాల్లో స్థిరపడింది.

అంకె చెప్పడం తేలికే, వెతకడమే కష్టం. ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా ఉంచే ద్రవం) నానిన పేగు పక్కన పసుప్పచ్చటి కొవ్వుని సన్నగా కోస్తూ, వేళ్ల మధ్య నలుపుతూ, ఎక్కడ గట్టిగా తగులుతుందా అని చూస్తూ పోవాలి. శనగ గింజంతది తేలిగ్గానే దొరుకుతుంది. కానీ క్యాన్సర్ కణాలు పట్టినవాటిలో 5 మిల్లీమీటర్ల లోపువి చాలా ఉంటాయి, ఆవగింజంత గ్రంథి కొవ్వులో కలిసిపోతే అనుభవమున్న చేతికి కూడా తెలియదు.

అందుకే ఆల్కహాల్, జైలీన్ లాంటివాటితో కొవ్వుని కరిగించి చూడటం మొదలుపెట్టారు. గ్రంథులు బాగానే బయటపడతాయి గానీ రోజులు పడుతుంది, ఆ ఆవిర్లూ మంచివి కావు. 2007లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ వైద్యులు ఇంకా సులువైన దారి చూపించారు: కోసి తీసిన పేగు తాజాగా ఉండగానే దాని ధమనిలోకి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఎక్కించడం. కొవ్వు పసుపుగానే ఉండి గ్రంథులు నీలంగా తేలతాయి. ఖర్చు తక్కువ, చిన్న ల్యాబ్‌లో కూడా చేయొచ్చు, కాకపోతే ఫార్మలిన్‌లో వేయకముందే ల్యాబ్‌కి చేరాలి, అంటే ఆపరేషన్ థియేటర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మలాశయ క్యాన్సర్‌కి ముందుగా రేడియేషన్ ఇచ్చినవాళ్లలో గ్రంథులు కుంచించుకుపోయి 12 దొరక్కపోవచ్చు, అది ల్యాబ్ తప్పు కాదు. అలాంటి కారణమేదీ లేకుండా తక్కువొస్తే, మిగిలిన కొవ్వుని మళ్లీ వెతికారా అని అడగండి, స్పెసిమెన్ (కోసి తీసిన పేగు) పారేయకముందే.